పండ్ల ఈగలు: పెంపుడు చీమల ఆహారం

మగ్గిన అరటిగెల చుట్టూ, కల్లు ముంత మూతి దగ్గర, చెరకు రసం బండి పక్కన పోగుపడ్డ పిప్పి మీద ముసిరే చిన్న ఈగలను పండ్ల ఈగలు అంటారు. శాస్త్రంలో వీటి ప్రజాతి పేరు డ్రోసోఫిలా. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పొడవు, ఎర్రని కళ్ళు, పసుపు కలిసిన గోధుమరంగు ఒళ్ళు వీటి గుర్తులు. ఇంట్లో చీమలను పెంచేవారు చిన్న కాలనీలకు ప్రోటీన్ ఆహారంగా వీటిని విరివిగా వాడతారు. ఒళ్ళు మెత్తన కాబట్టి చిన్న చీమ కూడా చీల్చగలదు. పది పన్నెండు రోజులకు ఒక తరం వస్తుంది. పెంచడానికి ఒక గాజు సీసా, గుప్పెడు రవ్వ, కాస్త బెల్లం, చిటికెడు ఈస్ట్ చాలు.

ఈగలను సమకూర్చుకోవడానికి రెండు దారులున్నాయి. బయట తిరిగే ఈగలను ఎరపెట్టి పట్టుకోవడం ఒకటి, సీసాలో తరతరాలుగా పెంచుకోవడం రెండోది. మొదటిది అవసరానికి ఆదుకుంటుంది. చీమల ఆరోగ్యానికీ, ఆహారం నిలకడగా అందడానికీ రెండోదే మేలు.

పేరులోని తికమక

తెలుగులో పండు ఈగ అన్న మాట రెండు వేర్వేరు కీటకాలకు చెల్లుతోంది. మామిడి, జామ రైతులు పండు ఈగ అనేది బాక్ట్రోసెరా డోర్సాలిస్‌ను. అది దాదాపు ఇంటి ఈగంత ఉంటుంది. ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు గుజ్జు తిని కాయను కుళ్ళబెడతాయి. బీర, కాకర పాదులను పాడుచేసే ఈగ కూడా దాని దగ్గరి చుట్టమే. ఇవన్నీ టెఫ్రిటిడే కుటుంబానివి.

ఈ వ్యాసంలోని ఈగలు డ్రోసోఫిలిడే అనే మరో కుటుంబానివి. వీటిలో చాలా జాతులు చెట్టు మీది మంచి కాయ జోలికి పోవు. పండు చెడడం మొదలై దాని మీద ఈస్ట్ పెరిగినప్పుడు, ఆ ఈస్ట్ కోసం వస్తాయి. చీమలు పెంచేవారికి ఈ తేడా తెలియడం ముఖ్యం. మామిడి తోటల్లో వేలాడే మిథైల్ యూజినాల్ ఎరబుట్టల్లో చచ్చిపడేవి బాక్ట్రోసెరా మగ ఈగలు. ఆ ఎరలో పురుగుమందు కూడా కలుపుతారు. కాబట్టి ఆ ఈగలను చీమలకు ఎప్పుడూ పెట్టకూడదు.

డ్రోసోఫిలా అన్న గ్రీకు మాటకు మంచు బిందువులను ఇష్టపడేది అని అర్థం. అన్నిటికన్నా పేరుపొందిన జాతి డ్రోసోఫిలా మెలనోగాస్టర్. మెలనోగాస్టర్ అంటే నల్లని పొట్ట గలది. మగ ఈగ పొట్ట చివర నల్లగా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. జర్మనీకి చెందిన కీటక శాస్త్రవేత్త యోహాన్ విల్‌హెల్మ్ మైగెన్ 1830లో ఈ జాతిని వర్ణించి పేరు పెట్టాడు.

చీమల కాలనీలో ఈగ చేసే పని

చీమల కాలనీకి రెండు రకాల ఆహారం కావాలి. తిరిగి పనిచేసే కూలి చీమలకు శక్తి కోసం చక్కెర, ఎదిగే పిల్లపురుగులకూ గుడ్లు పెట్టే రాణికీ ప్రోటీన్. తేనె చుక్క, చక్కెర నీళ్ళు మొదటి అవసరాన్ని తీరుస్తాయి. రెండోదాన్ని కీటకాలు తీరుస్తాయి. పండ్ల ఈగ పొడి బరువులో సగానికి పైగా ప్రోటీనే. బతికున్న ఆడ ఈగ ఒకటి సుమారు ఒక మిల్లీగ్రాము తూగుతుంది. అయిదారు కూలి చీమలున్న పసి కాలనీకి ఆ ఒక్క ఈగ ఒక పూట విందు.

పెద్ద చీమ గట్టి ఆహారాన్ని మింగలేదు. దాని నడుము దారంలా సన్నం. నోటి లోపల ఉండే చిన్న సంచి రేణువులను వడగట్టి, ద్రవాన్నే లోపలికి పోనిస్తుంది. గట్టి ముక్కలను అరిగించుకునే శక్తి చాలా జాతుల్లో పిల్లపురుగులకే ఉంటుంది. అందుకే వేటాడి తెచ్చిన ఈగను కూలి చీమలు గూటిలో పిల్లల దగ్గరికే చేరుస్తాయి. కొన్ని జాతులు ఈగ ముక్కను తిన్నగా పిల్లపురుగు ఒంటి మీదే పెడతాయి. గండుచీమల వంటివి ఎక్కువగా రసాన్ని తమ కడుపు సంచిలో నింపుకుని, నోటి నుంచి నోటికి పంచుతాయి. ఈగ ఖాళీ డొల్లగా మిగిలాక దాన్ని గూటి బయట చెత్తమూలకు ఈడ్చిపారేస్తాయి.

ప్రోటీన్ ఎక్కువైనా చేటే. ప్రోటీన్ మితిమీరిన ఆహారం పెట్టిన కాలనీల్లో కూలి చీమలు తొందరగా చనిపోయినట్లు ప్రయోగాలు చూపాయి. పిల్లపురుగులున్న కాలనీ ప్రోటీన్‌ను సర్దుకోగలదు. పిల్లలు లేని కాలనీకి ఈగలు తగ్గించి తీపి ఎక్కువ ఇవ్వాలి. ఎన్ని ఈగలు వేయాలో చెప్పే కొలత గూటిలో పిల్లల సంఖ్యే.

ప్రయోగశాల నుంచి ఇంటికి

ఈ ఈగను సీసాలో పెంచడం ఒక శతాబ్దానికి పైగా సాగుతున్న విద్య. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం కాజిల్ 1901 ప్రాంతంలో దీన్ని ప్రయోగాలకు పెంచాడు. ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్, అతని శిష్యులు పాల సీసాల్లో అరటిపండు వేసి వేలకొద్దీ ఈగలను పెంచారు. 1910లో అక్కడ కనిపించిన తెల్లకళ్ళ మగ ఈగ జన్యుశాస్త్ర చరిత్రను మలుపు తిప్పింది. క్రోమోజోముల పాత్రపై చేసిన కృషికి మోర్గన్‌కు 1933లో నోబెల్ బహుమతి దక్కింది. 2000లో ఈ ఈగ జన్యుపటం వెలువడింది.

మన దేశంలో మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా జాతులను తరతరాలుగా నిలిపి ఉంచే కేంద్రం ఉంది. వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీలో కూడా వీటిపై పరిశోధన సాగింది. చీమలు పెంచేవారి సీసాలోని పద్ధతి ఈ ప్రయోగశాలల్లో పుట్టినదే.

చీమలకు కృత్రిమ ఆహారం కూడా ఉంది. భట్కర్, విట్‌కోంబ్ అనే పరిశోధకులు 1970లో గుడ్డు, తేనె, అగర్, విటమిన్లు కలిపి ఒక మిశ్రమాన్ని ప్రకటించారు. చీమల ప్రయోగశాలల్లో ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. అయినా చాలా చోట్ల దానికి తోడుగా కీటకాలను పెడుతూనే ఉంటారు.

ఈగ జీవితం

ఈగను పెంచాలంటే గుడ్డు నుంచి ఈగ దాకా సాగే దాని పది రోజుల ఎదుగుదల కళ్ళకు కట్టినట్టు తెలియాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్క ఇలా సాగుతుంది.

గుడ్డు అర మిల్లీమీటరు పొడవు ఉంటుంది, ఒక కొసన రెండు సన్నని తెల్లని పోగులుంటాయి. గుడ్డు మెత్తని ఆహారంలో దిగబడినా ఊపిరాడేందుకు ఆ పోగులు పైకి తేలి ఉంటాయి. ఒక రోజులో గుడ్డు పగిలి తెల్లని పురుగు బయటికి వస్తుంది. అది రెండుసార్లు కుబుసం విడిచి మూడు దశల్లో పెరుగుతుంది. మూడో రోజుకు ఆహారం పైపొర దున్నినట్టు, తడితడిగా కనిపిస్తే పురుగులు బాగా పనిచేస్తున్నాయని అర్థం. అయిదారు రోజులకు బలిసిన పురుగులు తిండి మానేసి సీసా గోడలెక్కుతాయి. పొడిగా ఉన్న చోట అతుక్కుని గింజలాంటి ప్యూపాగా మారతాయి. ప్యూపా తల దగ్గర రెండు చిన్న కొమ్ములుంటాయి. మొదట లేత పసుపుగా ఉండి, రోజురోజుకూ ముదురుతుంది. పొర గుండా ఎర్రని కళ్ళూ, నల్లగా మడిచిన రెక్కలూ కనిపించాయంటే మరుసటి రోజు ఈగ బయటికి వస్తుంది. అప్పుడే వచ్చిన ఈగ పాలిపోయి, పొడుగ్గా, రెక్కలు ముడుచుకుని ఉంటుంది. దాని పొట్టలో నల్లని మచ్చ ఒకటి పైకి కనిపిస్తుంది. కొద్ది గంటల్లో రెక్కలు విచ్చుకుని, రంగు తేలుతుంది.

బయటికి వచ్చిన మొదటి రోజే ఆడ ఈగ జతకడుతుంది. జీవితకాలంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. 18 డిగ్రీల చల్లదనంలో ఇదే చక్రానికి దాదాపు రెట్టింపు కాలం పడుతుంది.

పెంపకంలో వాడే మరో జాతి డ్రోసోఫిలా హైడీ. ఇది మెలనోగాస్టర్ కంటే పెద్దది, దాని తరం పూర్తవడానికి మూడు వారాల పైన పడుతుంది. మధ్యరకం చీమలకు హైడీ, చిన్నవాటికి మెలనోగాస్టర్ నప్పుతాయి.

పట్టుకునే విధానం

ఈగను పిలిచేది పండు తీపి కాదు, పులిసే వాసన. ఈస్ట్ చక్కెరను పులియబెట్టినప్పుడు పుట్టే ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం, పండు వాసనల ఎస్టర్లు దాన్ని దూరం నుంచే లాగుతాయి. కోసిన పచ్చి ఆపిల్ ముక్క కన్నా, తొక్క నల్లబడ్డ చక్కెరకేళి ముక్క బాగా పనిచేయడానికి కారణం ఇదే. బజారులో దొరికే తెల్లని సింథటిక్ వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లమే ఎక్కువ, పులిసిన పండు వాసనలు ఉండవు. ఆపిల్ సైడర్ వెనిగర్ దీనికన్నా మంచి ఎర.

బోను తయారీ తేలిక. ఖాళీ గాజు సీసా అడుగున మగ్గిన అరటిపండు ముక్క, దాని మీద చిటికెడు ఈస్ట్ వేయాలి. మందపాటి కాగితాన్ని పొట్లంలా చుట్టి, మొనలో రెండు మూడు మిల్లీమీటర్ల కన్నం ఉంచి, ఆ మొన సీసాలోకి దిగేలా మూతిలో బిగించాలి. కాగితం అంచుకూ సీసాకూ మధ్య సందు ఉండకూడదు. లోపలికి దిగిన ఈగ తిరిగి వెలుతురు వైపు గోడల వెంట తిరుగుతుందే కాని, నడుమనున్న కన్నాన్ని వెతుక్కోలేదు. వంటింట్లో పండ్ల బుట్ట పక్కన, ఎండ తగలని చోట ఉదయం పెడితే సాయంత్రానికి పదుల ఈగలు చేరతాయి.

ఈగలను చంపడానికి వెనిగర్‌లో గిన్నెలు తోమే ద్రవం కలిపి పెట్టే పద్ధతి ఇళ్ళలో వాడుకలో ఉంది. అలా చచ్చిన ఈగలను చీమలకు పెట్టకూడదు. దోమల చుట్ట, పిచికారీ మందు వాడిన గదిలోని ఈగలు కూడా పనికిరావు. మందు ఆనవాలు ఒక్క ఈగ ఒంటి మీద ఉన్నా, నోటి నుంచి నోటికి పంచుకునే కాలనీ మొత్తానికి పాకుతుంది.

బోనులో పడినవన్నీ ఒకటి కావు

మన ఇళ్ళలో పడే ఈగలన్నీ మెలనోగాస్టర్‌లు కావు. వెచ్చని ప్రాంతాల్లో మనుషుల ఇళ్ళ దగ్గర డ్రోసోఫిలా అననాసే సర్వసాధారణం. తల నుంచి వీపు దాకా తెల్లని చారలున్న ఈగ కనిపిస్తే అది జాప్రియోనస్ ఇండియానస్. ఆఫ్రికా మూలమైన ఈ జాతికి 1970లో భారతదేశపు నమూనాల ఆధారంగా పేరు పెట్టారు. ఇవన్నీ చీమలకు పనికివస్తాయి.

పనికిరానివీ కొన్ని వస్తాయి. నల్లగా, సన్నగా, పొడుగు కాళ్ళతో పూలకుండీల దగ్గర తిరిగేవి ఫంగస్ నాట్‌లు. వాటి వల్ల ప్రమాదం లేదు కాని, ఆహారంగా విలువ తక్కువ. వెన్ను గూనిగా ఉండి, ఎగరడం కన్నా ఆగి ఆగి గబగబా పరుగెత్తేవి ఫోరిడ్ ఈగలు. వీటిని సీసాలోకి రానివ్వకూడదు. ఈ కుటుంబంలో చీమల ఒంట్లో గుడ్లు పెట్టే పరాన్నజీవులున్నాయి. మెగాసీలియా స్కెలారిస్ వంటివి గూటిలోని చెత్తలో పెరిగి కాలనీని దెబ్బతీస్తాయి. ఎర్రని కళ్ళు, గాలిలో తేలుతున్నట్టు నెమ్మదిగా ఎగరడం డ్రోసోఫిలాకు గుర్తు. అనుమానం ఉంటే ఆ ఈగను వదిలేయడమే మంచిది.

పెరట్లో పెట్టిన బోనుల్లోకి లెప్టోపిలినా వంటి సన్నని కందిరీగలు కూడా వస్తాయి. అవి ఈగ పిల్లపురుగుల్లో గుడ్లు పెడతాయి. రెండు మూడు వారాలకు సీసాలో ఈగలకు బదులు చిన్న నల్లని కందిరీగలు వెలువడతాయి. అలాంటి సీసాను మూత తీయకుండా ఫ్రీజరులో ఉంచి పారేయాలి.

పెంపకపు ఆహారం

ప్రయోగశాలల్లో మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్, అగర్‌లతో చేసే ఆహారం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మైసూరు పరిశోధకుల వంటకం మన వంటింటికి ఇంకా దగ్గర. లీటరు నీటికి 100 గ్రాముల గోధుమ రవ్వ, 100 గ్రాముల బెల్లం, 10 గ్రాముల అగర్, బూజు పట్టకుండా 7.5 మిల్లీలీటర్ల ప్రొపియానిక్ ఆమ్లం. అగర్ అంటే కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే.

ఇంటి అవసరానికి పావు వంతు చాలు. పావు లీటరు నీటిలో చైనా గ్రాస్ పూర్తిగా కరిగేదాకా మరిగించి, 25 గ్రాముల బెల్లం తరుగు వేసి కరిగాక, బొంబాయి రవ్వ 25 గ్రాములు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. గరిటె నుంచి జావలా జారే దశలో దించాలి. ప్రొపియానిక్ ఆమ్లం ఘాటైనది, చర్మాన్ని కాలుస్తుంది కనుక ఇంట్లో దాని బదులు ఒకటి రెండు చెంచాల వెనిగర్ కలుపుతారు. బూజును ఆపడంలో వెనిగర్ దానంత గట్టిది కాదు. అందుకే శుభ్రత ఎక్కువ అవసరం.

వేడినీటితో కడిగి ఆరబెట్టిన సీసాల్లో ఈ జావను రెండు మూడు సెంటీమీటర్ల మందాన పోసి, పలుచని నూలు గుడ్డ కప్పి చల్లారనివ్వాలి. గుడ్డ కప్పకపోతే చల్లారేలోపే బయటి ఈగలు వచ్చి గుడ్లు పెడతాయి. చల్లారాక గోడలకు పట్టిన చెమట తుడిచి, బేకరీ ఈస్ట్ పది పదిహేను గింజలు చల్లాలి. ఈస్ట్ ఎక్కువ వేయడం మంచిది కాదు. అది విడిచే కార్బన్ డయాక్సైడ్ సీసాలో నిండి ఈగలు చచ్చిపోతాయి. ఆపై మడతలు పెట్టిన కాగితపు ముక్కను నిలువుగా గుచ్చితే, ఈగలు నిలవడానికీ పురుగులు ప్యూపా కట్టడానికీ చోటు దొరుకుతుంది. గాలి ఆడే గుడ్డను రబ్బరు బ్యాండుతో బిగిస్తే సీసా సిద్ధం.

తొందరగా కావాలంటే మగ్గిన అరటిపండు చిదిమి, రవ్వ కలిపి గట్టిపరచి, చెంచా వెనిగర్, చిటికెడు ఈస్ట్ వేస్తే సరిపోతుంది. ఇది త్వరగా నీరుకారుతుంది, బూజు కూడా తొందరగా పడుతుంది. పండు తొక్క మీద మందు మిగిలి ఉండవచ్చు కనుక తొక్క వేయకూడదు.

సీసాల వరుస

ఒక సీసాలో 30 నుంచి 50 ఈగలను వదిలితే, పది పన్నెండు రోజులకు కొత్త తరం మొదలవుతుంది. ఆ తరువాత రెండు మూడు వారాలు ఈగలు వస్తూనే ఉంటాయి. నెల దాటిన సీసాను నిలవ ఉంచకూడదు. అందుకని వారానికి ఒకటి చొప్పున కొత్త సీసా పెట్టి, మీద తేదీ రాసి, ఎప్పుడూ కనీసం మూడు సీసాలు నడిపిస్తారు. ఒకటి పాడైతే మరొకటి ఆదుకుంటుంది. కొత్త సీసాలో ఎప్పుడూ బాగా పండిన సీసా నుంచి మొదట వచ్చిన ఈగలనే వేయాలి. వాటినే చీమలకు పెట్టి, చివర మిగిలిన నీరసపు ఈగలను విత్తనానికి వాడడం చాలామంది చేసే పొరపాటు.

ఎగరలేని ఈగలు

సీసా మూత తీసిన ప్రతిసారీ ఈగలు గదంతా ఎగిరిపోతే పెంపకం కష్టం. దీనికి పరిష్కారం మోర్గన్ ప్రయోగశాలలోనే దొరికింది. అక్కడ బయటపడ్డ వెస్టిజియల్ అనే జన్యుమార్పు ఉన్న ఈగల రెక్కలు ముడుచుకుపోయి తుంపుల్లా మిగులుతాయి. ఇవి నడుస్తాయి, గెంతుతాయి, ఎగరలేవు. రెక్కలుండి కూడా ఎగరలేని రకాలు మెలనోగాస్టర్‌లోనూ, హైడీలోనూ పెంపకంలో ఉన్నాయి.

వెస్టిజియల్ గుణం అంతర్గతమైనది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. బయటి మగ ఈగ ఒక్కటి సీసాలోకి దూరినా, దాని పిల్లలన్నిటికీ పూర్తి రెక్కలు వస్తాయి. అప్పుడు ఆ సీసా మామూలు ఈగల సీసా అయిపోతుంది. వేడి కూడా ఈ గుణాన్ని మారుస్తుంది. 30 డిగ్రీల పైబడిన చోట పెరిగిన వెస్టిజియల్ ఈగలకు రెక్కలు పెద్దవిగా వస్తాయి. తెలుగు నేలలో ఎగరలేని రకాన్ని కాపాడుకోవాలంటే సీసాను చల్లగా ఉంచక తప్పదు.

వేసవి గండం

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. మెలనోగాస్టర్‌కు 22 నుంచి 26 డిగ్రీలు అనుకూలం. 30 డిగ్రీల దగ్గర పెరిగిన మగ ఈగలు సంతాన శక్తిని కోల్పోతాయి. సీసాలో ఈగలు తిరుగుతూనే ఉంటాయి, గుడ్లు కూడా పడతాయి, కాని పురుగులు పుట్టవు. వేసవిలో సీసాలు ఉన్నట్టుండి ఆగిపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఏసీ లేని ఇంట్లో వెడల్పాటి మట్టి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో సీసా నిలిపి, చుట్టూ తడిగుడ్డ చుడితే నీరు ఆవిరవుతూ వేడిని కొంత తగ్గిస్తుంది. గుడ్డ తడి సీసా మూతిని ముయ్యకుండా చూడాలి. నీళ్ళ పళ్ళెం మరో మేలు కూడా చేస్తుంది. పాలగిన్నెకు, బెల్లం డబ్బాకు చీమలు పట్టకుండా మన ఇళ్ళలో తరతరాలుగా చేస్తున్న ఉపాయమే ఇది. పెంపుడు చీమల కోసం పెంచే ఈగల సీసాను ఇంటి చీమల నుంచి కాపాడేది ఈ నీటి గట్టే. ప్యూపాలు పండిన సీసాలోకి ఇంటి చీమల బారు చేరితే ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోతుంది.

బూజు, మైట్స్

సీసాను చెడగొట్టేవాటిలో ముందు వచ్చేది బూజు. మొదటి మూడు రోజుల్లో పురుగులు తక్కువగా ఉంటే బూజు పైచేయి సాధిస్తుంది. పురుగులు నిండుగా ఉన్న సీసాలో అవి పైపొరను కలబెడుతూ బూజును నిలవనివ్వవు. అందుకే తొలి ఈగల సంఖ్యలో పిసినారితనం పనికిరాదు. పచ్చగా, నల్లగా బూజు పట్టిన సీసాలోని ఈగలను చీమలకు పెట్టరాదు.

రెండోది మైట్స్ అనే సన్నని నల్లులు. పిండిలోనూ పాత సీసాల్లోనూ పెరిగే ఇవి కంటికి కదిలే దుమ్ములా కనిపిస్తాయి. ఈగల కాళ్ళకు అంటుకుని సీసా నుంచి సీసాకు, అక్కడి నుంచి చీమల గూటికి చేరతాయి. నెల దాటిన సీసాలను పారేయడం, రవ్వను ముందుగా వేయించుకోవడం, సీసాలను ఒకదానికొకటి తగలకుండా పెట్టడం వీటికి విరుగుడు.

చీమలకు అందించడం

పెంచిన ఈగనైనా, పట్టిన ఈగనైనా ముందు చల్లబరచాలి. సీసాను ఫ్రిజ్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే ఈగలు కదలిక లేకుండా పడిపోతాయి, గది వేడికి మళ్ళీ లేస్తాయి. కావలసినన్నిటిని తెల్ల కాగితం మీద దులిపి, మెత్తని కుంచెతో చీమల మేత పెట్టెలోకి తోయాలి. బయట పట్టిన ఈగలను ఒక రాత్రంతా ఫ్రీజరులో ఉంచి, తీసి గది వేడికి వచ్చాక పెట్టడం క్షేమం. అప్పుడవి ఎగిరిపోవు, వాటి మీది మైట్స్ కూడా చాలావరకు చచ్చిపోతాయి.

టెస్ట్‌ట్యూబ్‌లో పెంచే పసి కాలనీ వేట దగ్గరగా చూడదగ్గది. టెస్ట్‌ట్యూబ్ మూతి దగ్గర పెట్టిన ఈగను మొదట ఒక కూలి చీమ మీసాలతో తడిమి వెనక్కి గెంతుతుంది. కాసేపటికి మళ్ళీ వచ్చి ఒక కాలు పట్టుకుని లాగుతుంది. ఈగ బతికి ఉంటే ఈ పసి చీమలు బెదిరి దాక్కోవడం మామూలు, తల నొక్కి చంపిన ఈగను పెడితే నిమిషాల్లో లోపలికి తీసుకుపోతాయి. చలిచీమల వంటి అతి చిన్న జాతులకు ఈగను రెండు ముక్కలు చేసి పెట్టాలి.

పది లోపు కూలి చీమలున్న కాలనీకి రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు ఈగలు చాలు. లోపలికి తీసుకుపోనివాటిని మరుసటి రోజే తీసేయాలి. టెస్ట్‌ట్యూబ్ తడిలో మిగిలిపోయిన ఈగకు బూజు పట్టి గూడంతా పాకుతుంది.

ఏ చీమకు ఎంతవరకు

గండుచీమ అని మనం పిలిచే కాంపోనోటస్ కంప్రెసస్ కాలనీకి మొదటి కొన్ని నెలలు ఈగలు సరిపోతాయి. కూలి చీమలు వందలకు చేరాక ఇలకోడి, బొద్దింక పిల్లలు, మీల్‌వార్మ్‌ల వంటి పెద్ద ఆహారం కావాలి. ఫైడోలే, మోనోమోరియం వంటి చిన్న జాతులు ఎంత పెరిగినా ఈగలను ఇష్టంగా తీసుకుంటాయి. వానాకాలంలో దీపం చుట్టూ రాలే ఉసుళ్ళు కూడా మంచి ఆహారమే, కాని అవి దొరికేది ఏడాదిలో కొద్ది రోజులే.

బతికున్న వేటనే కోరే చీమలూ ఉన్నాయి. దక్షిణ భారతదేశంలో కనిపించే గెంతే చీమ హార్పెగ్నాథోస్ సాల్టేటర్ పెద్ద కళ్ళతో చూసి, ఎగిరి దూకి పట్టుకుంటుంది. దీన్ని 1851లో వర్ణించినవాడు థామస్ జెర్డన్. అతను నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త. దక్షిణ భారతదేశపు చీమల జాబితాను మద్రాసు పత్రికలో ప్రచురించాడు.

పెంచేవారి బాధ్యత

చీమల పెంపకం ప్రపంచమంతటా పెరగడంతో రాణి చీమల వ్యాపారం కూడా పెరిగింది. 2025లో కెన్యాలో వేలాది రాణి చీమలను దేశం దాటించబోయిన నలుగురికి అక్కడి కోర్టు ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా వేసింది. పరాయి చీమ, పరాయి ఈగ కొత్త నేలలో పడితే అక్కడి జీవుల సమతూకం చెడుతుంది. మన ప్రాంతపు చీమనే పెంచాలి. పెంచలేకపోతే పట్టిన చోటే వదలాలి. పనయిపోయిన ఈగల సీసాను పెరట్లో కుమ్మరించకుండా ఫ్రీజరులో ఉంచి పారేయాలి.

సరైన పెంపకంలో చీమ రాణి ఏళ్ళ తరబడి బతుకుతుంది. లాసియస్ నైగర్ రాణి ఒకటి పెంపకంలో 28 ఏళ్ళకు పైగా బతికినట్లు నమోదైంది. అంతకాలం ఆ గూటికి వారం వారం ఆహారం అందాలి. తొలకరి జల్లుకు రెక్కలు రాల్చుకున్న గండుచీమ రాణి దొరికితే, మొదటి కూలి చీమలు పుట్టేదాకా అది ఏమీ తినదు. తన రెక్కల కండరాలను కరిగించుకుని పిల్లలను సాకుతుంది. అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఈగల సీసాలో రెండు తరాలు పండడానికి ఆ గడువు సరిపోతుంది. కాబట్టి రాణిని టెస్ట్‌ట్యూబ్‌లో పెట్టిన రోజునే ఈగల సీసా కూడా మొదలుపెట్టండి. మొదటి కూలి చీమ కళ్ళు తెరిచేసరికి దాని ఆహారం సిద్ధంగా ఉండాలి.